మాటకూ మాటకూ మధ్య
(టెలికాన్ఫరెన్సింగ్ మీద ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నా మాట వినిపిస్తోందా?

నవ్వకండి. మీ ఎదురుగానే నిలబడి, చేతిలో మైకు పట్టుకుని కూడా ఈ ప్రశ్న అడగకుండా ఉండలేకపోతున్నాను. ఏళ్ల తరబడి కాన్ఫరెన్స్ కాల్స్ కలిపే పని చేసినవాణ్ణి. ఇంట్లో పక్క గదిలో ఉన్నవాళ్లను పిలిచినా ముందు "వినిపిస్తోందా" అనే అంటానని మా ఆవిడ వెక్కిరిస్తూ ఉంటుంది.

ముందు వరుసలో ఇద్దరు నాకు కాస్త సాయం చేయాలి. మీరూ, మీ పక్కన కూర్చున్న అమ్మా. ఒకరు ఒకటి అనండి, రెండోవారు రెండు, మళ్లీ మొదటివారు మూడు. అలా ఇరవై దాకా, వీలైనంత వేగంగా. కానివ్వండి.

(ఇద్దరూ లెక్కపెట్టారు.)

బాగుంది. ఎనిమిది సెకన్లు పట్టింది. ఒకరి అంకె నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే రెండోవారి పెదవులు కదలడం మీరంతా చూశారు. ఇదే ఆట ఈ రాత్రి ఎవరితోనైనా వీడియో కాల్‌లో ఆడి చూడండి. మొదలుపెట్టేవారే గడియారం చూసుకోవాలి. తాను "ఒకటి" అన్న క్షణం నుంచి అవతలివారి "ఇరవై" తన చెవిన పడేదాకా ఎంతసేపు పట్టిందో చూడాలి. ఎదురెదురుగా ఎనిమిది సెకన్లు పట్టిన ఆట కాల్‌లో పన్నెండు పట్టిందనుకోండి. అంకెలు అటూ ఇటూ మొత్తం ఇరవైసార్లు దాటాయి కాబట్టి, ఎక్కువైన నాలుగు సెకన్లను ఇరవైతో భాగించండి. సెకనులో ఐదో వంతు వస్తుంది. మీ మాట అవతలి చెవికి చేరడానికి పడుతున్న సమయం దాదాపు అంతే. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు.

టెలికాన్ఫరెన్స్ అనగానే జనం అడిగేది కెమెరా గురించి. బొమ్మ స్పష్టంగా ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అని. నన్నడిగితే అసలు కథ అంతా ఆ ఐదో వంతు సెకనులోనే ఉంది.

ఎందుకంటే, మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఉండే ఖాళీ చాలా చిన్నది. వేర్వేరు భాషల్లో కొలిచి చూసినా సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర తిరుగుతుంది. అంటే సెకనులో ఐదో వంతే. కాల్‌లో మీ మాట వెళ్లడానికి ఒక ఐదో వంతు, జవాబు రావడానికి ఇంకో ఐదో వంతు కలిస్తే ఆ ఖాళీ మూడింతలు అవుతుంది. మన మెదడుకు నెట్‌వర్క్ సంగతి తెలియదు. ఎదుటివాడు తటపటాయిస్తున్నాడనే అనుకుంటుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఉపగ్రహం మీదుగా ఒక సమావేశం కలిపాం. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం అది. మాట పైకి వెళ్లి కిందికి రావాలి, అంటే డెబ్బై వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు పావు సెకను. జవాబు వచ్చేసరికి అర సెకను. లైను చక్కగా ఉంది, ఒక్క మాట కూడా తెగలేదు, మేమంతా తెగ సంతోషించాం. సమావేశం అయ్యాక ఇవతలి పెద్దమనిషి బయటికొచ్చి, "వాళ్లేదో దాస్తున్నారయ్యా, ఏది అడిగినా ఆలోచించుకుని చెబుతున్నారు" అన్నాడు. అవతలివాళ్లూ మా గురించి అచ్చంగా అదే అనుకున్నారని తర్వాత తెలిసింది. ఇరువైపులా దాచిందేమీ లేదు. దాచిందల్లా ఆ అర సెకనే.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీనికి ఒక కొలత పెట్టింది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే చాలామందికి తేడా తెలియదు. 400 దాటనివ్వకూడదు. కాన్ఫరెన్స్ వ్యవస్థ కట్టే ఇంజినీరుకు ఆ 150 మిల్లీసెకన్లే జీతం డబ్బు. నెలాఖరుదాకా సరిపెట్టుకోవాలి. ఎక్కడెక్కడ ఖర్చవుతుందో చూద్దాం.

మీరు "అలాగే" అన్నారనుకుందాం. మైకులో పడ్డ గాలి కదలికను పరికరం అంకెలుగా మారుస్తుంది. పాత టెలిఫోన్ పద్ధతిలో సెకనుకు 8,000 సార్లు కొలిచేవారు, ఇప్పటి కాన్ఫరెన్స్ యాప్‌లు 48,000 సార్లు కూడా కొలుస్తాయి. ఆ అంకెల్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను కుదించి, పొట్లం కట్టి పంపిస్తారు. ఆ పొట్లాన్నే ప్యాకెట్ అంటాం. సెకనుకు యాభై ప్యాకెట్లు. అంటే మీ "అలాగే" ఒక్క మాట ఇరవై పాతిక పొట్లాలుగా బయల్దేరుతుంది. మొదటి పొట్లం కట్టడానికే 20 మిల్లీసెకన్ల మాట పోగవ్వాలి కాబట్టి గడప దాటకముందే అంత ఖర్చు.

ఇక దారి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పది వేల కిలోమీటర్ల దూరానికి 50 మిల్లీసెకన్లు. దీన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు. దార్లో పొట్లాలకు తోవ చూపే పెట్టెలుంటాయి, రౌటర్లంటారు, వాటి దగ్గర రద్దీని బట్టి కొంత కలుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. పొట్లాలన్నీ ఒకే లెక్కన రావు. కొన్ని ముందొస్తాయి, కొన్ని వెనకబడతాయి, కొన్ని దారి తప్పిపోతాయి. ఫైలు పంపేటప్పుడైతే పోయిన ముక్కను మళ్లీ పంపమని అడుగుతాం. నిదానంగా వచ్చినా నష్టం లేదు. మాట విషయంలో అలా కుదరదు. ఆలస్యంగా వచ్చిన ముక్క చేతులు కాలాక దొరికిన ఆకే. అందుకే మాటను పంపే పద్ధతి వేరు. యూడీపీ అంటారు. వేసేసి వెళ్లిపోవడమే, అందిందా లేదా అని వెనక్కి తిరిగి చూడదు.

అవతలి ఫోను వచ్చిన పొట్లాల్ని వెంటనే విప్పదు. చిన్న నిల్వ పెట్టుకుంటుంది, వెనకబడ్డవి కూడా వస్తాయేమోనని కాసేపు ఆగుతుంది. జిట్టర్ బఫర్ అని దాని పేరు. ఎక్కువసేపు ఆగితే మాట నున్నగా వస్తుంది కానీ ఆలస్యం పెరుగుతుంది. తక్కువసేపు ఆగితే మాట వెంటనే వస్తుంది కానీ ముక్కలు పోతాయి. మంచి యాప్ ఈ ఆగే సమయాన్ని క్షణక్షణం సవరిస్తూ ఉంటుంది. రాని ముక్క ఉంటే, పక్క ముక్కల్ని చూసి అక్కడ ఏం ఉండి ఉంటుందో ఊహించి పూడుస్తుంది. ఒకటి రెండు ముక్కలైతే మీరు గమనించను కూడా గమనించరు. వరసగా పది పోతే ఊహ కూడా పనిచేయదు. అప్పుడే మీ అన్నయ్య గొంతు మరమనిషి గొంతులా వినిపిస్తుంది.

ఇంత కష్టపడి ఇంజినీర్లు మిల్లీసెకన్లు మిగిల్చి పెడితే, మనం చెవికి తీగ లేని ఇయర్‌ఫోన్ తగిలించుకుంటాం. బ్లూటూత్ మామూలుగా ఇంకో వంద మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కలుపుతుంది. సముద్రాలు దాటి వచ్చిన మాట మన జేబుకీ చెవికీ మధ్య చిక్కుకుంటుంది. ముఖ్యమైన సంభాషణ ఉన్నప్పుడు తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడమని నేను చెప్పేది ఇందుకే. పాతకాలపు మనిషినని కాదు. అంటే, అది కూడా నిజమే అనుకోండి.

ఇంతవరకూ ఇద్దరి సంగతి. పదిమంది ఉంటే?

ప్రతి ఒక్కరూ మిగతా అందరికీ నేరుగా పంపాలంటే పదిమంది మధ్య 45 లంకెలు కావాలి. ప్రతివాళ్లూ తమ బొమ్మను తొమ్మిదిసార్లు పంపాలి. ఇంట్లో నెట్ అంత బరువు మోయలేదు. అందుకే నడుమ ఒక సర్వర్ ఉంటుంది. అందరూ ఒక్కసారి దానికి పంపితే అది అందరికీ పంచుతుంది. పాత పద్ధతిలో సర్వర్ అందరి బొమ్మల్నీ విప్పి, ఒక్క చట్రంలో కలిపి, మళ్లీ కుదించి పంపేది. ఖర్చూ ఎక్కువే, ఆలస్యమూ ఎక్కువే. ఇప్పుడు చాలా చోట్ల సర్వర్ విప్పడం మానేసింది. తపాలా బంట్రోతులా ఎవరి పొట్లం వారికి అందించి ఊరుకుంటుంది. మీరు కూడా మీ బొమ్మను పెద్దదొకటి, చిన్నదొకటి చేసి రెండు రకాలుగా పంపుతారు. మీరు మాట్లాడుతుంటే అవతలివారికి పెద్దది వెళ్తుంది, మౌనంగా ఓ మూల గడిలో ఉంటే చిన్నది వెళ్తుంది.

మాటల విషయంలో ఇంకో తమాషా ఉంది. యాభైమంది ఉన్న కాల్‌లో యాభై గొంతులూ కలిపితే సంతగోల తప్ప ఏమీ వినపడదు. కాబట్టి చాలా వ్యవస్థలు ఆ క్షణంలో గట్టిగా వినిపిస్తున్న రెండు మూడు గొంతుల్నే ఎంచుకుని పంపుతాయి. మ్యూట్ చేయకుండా దగ్గినవారి ముఖం చటుక్కున తెరమీదికి రావడం చూశారు కదా. పాపం, దగ్గు కూడా గొంతే అనుకుంది అది.

అన్నట్టు, మీకు పంపే కలయికలో మీ గొంతు ఉండదు. ఎంచుకున్న గొంతుల్ని కలిపి, ఎవరికి పంపుతుంటే వారి గొంతు తీసేసి పంపుతారు. లేకపోతే మీ మాటే కాస్త ఆలస్యంగా మీకు వినిపిస్తుంది. సొంత గొంతు అర సెకను వెనక వినిపిస్తుంటే ఎంత గొప్ప వక్తకైనా నాలుక తడబడుతుంది.

మరి ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి మన మాట మనకే వినిపిస్తుంది, ఎందుకు? ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎన్నో గొడవలు తప్పుతాయి. మీకు మీ ప్రతిధ్వని వినిపిస్తోందంటే తప్పు మీ దగ్గర లేదు. అవతల ఎవరో స్పీకర్ పెట్టుకున్నారు. మీ మాట వాళ్ల స్పీకర్‌లోంచి వచ్చి వాళ్ల మైకులో పడి మళ్లీ మీ దగ్గరికి వస్తోంది. వాళ్లకు మాత్రం అంతా శుభ్రంగా వినిపిస్తుంది. అందుకే "మా దగ్గర బాగానే ఉందే" అంటారు. అబద్ధం చెప్పడం లేదు. దీన్ని కనిపెట్టడానికి ఒక్కొక్కర్నీ మ్యూట్ చేసుకుంటూ రావడం కంటే మంచి మార్గం ఇప్పటికీ లేదు.

యాప్‌లో ఈ ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు ఉంటుంది. స్పీకర్‌లోకి ఏం పంపిందో దానికి తెలుసు కాబట్టి, మైకులోంచి వచ్చినదాంట్లో ఆ భాగాన్ని లెక్కకట్టి తీసేస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాల వాళ్లు 1960ల్లో మొదలుపెట్టిన ఆలోచన ఇది. ఒక పరికరం వరకూ బాగా పనిచేస్తుంది. ఒకే గదిలో ఇద్దరు రెండు ల్యాప్‌టాప్‌లతో అదే కాల్‌లో చేరితే దాని లెక్క తప్పుతుంది. పక్క ల్యాప్‌టాప్ స్పీకర్ ఏం మాట్లాడుతోందో దీనికి తెలియదు. అప్పుడు వచ్చే కూత విని లేచి పరుగెత్తినవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు బొమ్మ గురించి. పూర్తిగా చిన్నచూపు చూడటం లేదు లెండి.

1280 అడ్డం, 720 నిలువు చుక్కలున్న మామూలు వీడియోను సెకనుకు 30 సార్లు యథాతథంగా పంపాలంటే సెకనుకు 66 కోట్ల బిట్లు, అంటే అన్ని సున్నాలూ ఒకట్లూ, కావాలి. మనకు నిజంగా వెళ్తున్నది పది లక్షలో, ఇరవై లక్షలో. మిగతాదంతా ఏమైంది? మారనిదాన్ని మళ్లీ పంపడం లేదు. మీ వెనక గోడ ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. దాన్ని ఒకసారి పంపి, ఆ తర్వాత కదిలిన భాగాన్నే పంపుతారు. కాబట్టి మీ వెనక తిరిగే ఫ్యానూ, ఊగే కర్టెనూ మీ ముఖానికి చేరాల్సిన బిట్లను తినేస్తాయి. చీకటి గది కూడా అంతే. వెలుతురు చాలక కెమెరా తెచ్చే గరుకు చుక్కలు ప్రతి క్షణం మారుతుంటాయి, యాప్ వాటిని కదలిక అనుకుని పంపుతూ ఉంటుంది. కొత్త కెమెరా కొనేముందు ఫ్యానుకు వీపు పెట్టి కూర్చోవడం మానండి, ముఖం మీద వెలుతురు పడనివ్వండి. నెట్ ఇంకా మొరాయిస్తే వీడియో ఆపేయండి. మాట బతుకుతుంది.

బొమ్మ మీద మోజు కొత్తదేమీ కాదు. 1927లోనే వాషింగ్టన్ నుంచి అప్పటి అమెరికా వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ ముఖాన్ని న్యూయార్క్‌లో చూపించారు. ఏటీ అండ్ టీ అనే అమెరికా టెలిఫోన్ సంస్థ 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పిక్చర్‌ఫోన్ అనే బొమ్మ చూపే ఫోన్ పెట్టింది. కొన్ని నగరాల మధ్య బూత్‌లు తెరిచింది. మూడు నిమిషాలకు దూరాన్ని బట్టి 16 నుంచి 27 డాలర్లు. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలవారీ సేవ మొదలుపెట్టారు, 160 డాలర్లు. తీసుకున్నవాళ్లు చాలా తక్కువ. ధర ఒక కారణం. కొన్నవాడికి ఫోన్ చేయడానికి ఇంకొకడు కొని ఉండాలి కదా, అది ఇంకో కారణం. మూడోది, ఫోన్ మోగగానే తల దువ్వుకోవాలని ఎవరికుంటుంది?

మరోవైపు, 1916లో అమెరికా విద్యుత్ ఇంజినీర్ల సంఘం వేర్వేరు నగరాల్లోని సభ్యుల్ని టెలిఫోన్ తీగతో కలిపి జాతీయ సమావేశం జరిపింది. వేలమంది హాజరయ్యారు. బొమ్మ లేదు, ఒట్టి మాటే. సమావేశం చక్కగా జరిగింది. నా పక్షపాతం మీకు అర్థమయ్యే ఉంటుంది.

అయితే ఒక చోట నేను తల వంచుతాను. వినికిడి లేనివారికి దశాబ్దాల తరబడి టెలిఫోన్ అనేది లేనట్టే. వీడియో కాల్ వచ్చాకే వాళ్లు తమ భాషలో, సైగల్లో, దూరాన ఉన్నవాళ్లతో నేరుగా మాట్లాడుకోగలిగారు. వాళ్లకు బొమ్మే మాట. అక్కడ చిత్రం మసకైనా ఫరవాలేదు కానీ కుదుపు ఉండకూడదు. వేళ్ల కదలిక తెగితే వాక్యం తెగుతుంది.

వైద్యుల సంగతి చెప్పుకుందాం. పాత రోగి మందులు సరిచూడటం, పరీక్షల ఫలితాలు వివరించడం, మానసిక వైద్యుడితో సంభాషణ, ఇవి దూరం నుంచి బాగా జరుగుతాయి. కడుపు నొక్కి చూడాల్సిన చోట జరగవు. దూరాన్ని ఎంతవరకు లాగవచ్చో 2001 సెప్టెంబర్‌లో చూపించారు. న్యూయార్క్‌లో ఉన్న శస్త్రవైద్యులు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి యంత్రపు చేతుల ద్వారా పిత్తాశయం తీసేశారు. అందుకోసం ప్రత్యేకంగా అతివేగపు లైను వాడారు. చేయి కదిపినదానికీ, ఆ కదలిక తెరమీద కనిపించినదానికీ మధ్య సుమారు 155 మిల్లీసెకన్లు పట్టింది. అక్కడ కూడా లెక్కంతా మిల్లీసెకన్లదే.

పాట దగ్గర మాత్రం అందరూ ఓడిపోతారు. ఇద్దరు తాళం తప్పకుండా కలిసి పాడాలంటే మధ్య ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటకూడదు. మామూలు కాల్‌లో అది కుదిరే పని కాదు. దూరాన ఉన్న పిల్లలకు పాట నేర్పే గురువులు ఒకరు పాడి ఆపాక ఇంకొకరు పాడే పద్ధతికి మారింది అందుకే.

ఇక వీడియో కాల్స్ తెచ్చే అలసట. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెరెమీ బైలెన్సన్ దీనికి నాలుగు కారణాలు చెప్పారు. మరీ దగ్గరగా అందరి కళ్లూ మన మీదే ఉండటం, ఎప్పుడూ మన ముఖాన్ని మనమే చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం, సైగలు అందక మెదడు ఎక్కువ శ్రమపడటం. మీ ముఖం మీకు కనపడకుండా దాచుకునే మీట చాలా యాప్‌లలో ఉంటుంది. నేను ముందు నొక్కేది అదే.

భద్రత గురించి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. 2024లో హాంకాంగ్‌లో ఒక సంస్థ ఉద్యోగి వీడియో సమావేశంలో పై అధికారుల ముఖాలు చూసి, గొంతులు విని, దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేసిన సంగతి బయటపడింది. ఆ సమావేశంలో నిజమైన మనిషి ఆ ఉద్యోగి ఒక్కరే. మిగతావన్నీ కంప్యూటర్ సృష్టించిన బొమ్మలు. డబ్బు మాట వస్తే కాల్ పెట్టేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఆపడం ఎలా?)

వాళ్ల తప్పు కాదండీ. ఇద్దరికీ మౌనమే వినిపిస్తోంది, ఇద్దరూ ఒకేసారి అందుకుంటున్నారు. అవతలివాడు మొదలుపెట్టిన సంగతి ఐదో వంతు సెకను తర్వాత తెలుస్తుంది. అందుకని సమావేశం నడిపేవారు పేరు ముందు పలకాలి, ప్రశ్న తర్వాత అడగాలి. "దీనిమీద మీరేమంటారు, రావుగారూ" అంటే, తన పేరు వినపడ్డాక రావుగారు మ్యూట్ వెతుక్కుంటారు. "రావుగారూ, దీనిమీద మీరేమంటారు" అంటే, ప్రశ్న పూర్తయ్యేసరికి మైకు తెరుచుకుని ఉంటుంది.

(సభలోంచి ఒకామె: మా అమ్మకు వినికిడి తగ్గింది. ఫోన్‌లో సగం అర్థం కాదంటుంది, అదే వీడియోలో చక్కగా మాట్లాడుతుంది. ఎందుకంటారు?)

రెండు కారణాలమ్మా. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనినే, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే ధ్వనినే, మోస్తుంది. స, శ లాంటి ఊదే అక్షరాల బలం చాలావరకు దానికి పైన ఉంటుంది, అది దారిలోనే రాలిపోతుంది. వయసుతో ముందు తగ్గేది కూడా ఆ పై ధ్వనులు వినే శక్తే. వీడియో యాప్‌లు ఆ భాగాన్ని కూడా మోస్తాయి. రెండోది, ఆవిడ మీ పెదవులు చూస్తోంది. ఆవిడకు కూడా తెలియకుండానే చూస్తోంది. కాబట్టి ఫోన్ చేత్తో పట్టుకుని ఊపుతూ మాట్లాడకండి, దేనికైనా ఆనించి పెట్టండి. కిటికీ మీ వెనక కాకుండా మీ ముందు ఉండేలా కూర్చోండి. ఒక వాక్యం అయ్యాక ఆగండి, ఆవిడ జవాబు వచ్చేదాకా ఇంకోటి మొదలుపెట్టకండి.